పుట్టింటి దూరం: విశాఖపట్నంలో గృహహింస, ఆసరాల చరిత్ర

విశాఖపట్నం ఎదుగుదలను చెప్పే పుస్తకాలు రేవును, రైలుమార్గాన్ని, నౌకానిర్మాణ కేంద్రాన్ని, ఉక్కు కర్మాగారాన్ని వరుసగా పేర్కొంటాయి. 1933లో ప్రారంభమైన రేవు, 1948 మార్చిలో జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దిగిన ‘జల ఉష’ నౌక, 1966లో రాష్ట్రాన్ని కదిలించిన ఉక్కు ఉద్యమం, 1992లో జాతికి అంకితమైన కర్మాగారం ఆ కథనంలోని మజిలీలు. వాటి వెంటే మరో చరిత్ర కూడా నడిచింది: కట్టుకున్నవాడి చేతిలోనో అత్తింటివారి చేతిలోనో నలిగిన స్త్రీ ఎవరి గడప తొక్కగలిగింది, అక్కడ ఆమె చెప్పినదానికి ఏ పేరు పెట్టారు, విన్నవారు ఏం చేశారు అన్నవి ఆ చరిత్రకు ప్రశ్నలు. తెలుగునాట అటువంటి స్త్రీకి తొలి ఆసరా పుట్టిల్లే. ఊళ్లోనో, పక్క ఊళ్లోనో మనువైన ఆడపిల్లకు పుట్టిల్లు నడిచి చేరగలిగినంత దగ్గరలో ఉండేది. రేవు, కర్మాగారాలు పెరిగినకొద్దీ ఆ దూరం ఒక రాత్రి ప్రయాణమంత అయింది. తెగిపోయిన ఆ ఆసరాకు బదులుగా చట్టం, ప్రభుత్వం మరొకటి నిలబెట్టడానికి పట్టిన కాలమే ఈ వ్యాసానికి ముఖ్య విషయం.

గృహహింస అనే మాటకు ఇప్పుడున్న చట్టబద్ధమైన అర్థం 2005లో మాత్రమే స్థిరపడింది. దాని ప్రకారం శారీరక హింస, లైంగిక హింస, మాటలతోను మానసికంగాను పెట్టే హింస, ఆర్థిక హింస అని నాలుగు రూపాలున్నాయి. తిండికి, మందులకు డబ్బు ఇవ్వకపోవడం, సంపాదన లాక్కోవడం, ఇంట్లోంచి గెంటివేయడం వంటివి ఆర్థిక హింస కిందికి వస్తాయి. అంతకుముందు వాటిని కాపురంలో గొడవలనేవారు, ఇంటిగుట్టనేవారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట అనే సామెతలో ఆ కాలపు దృష్టి మొత్తం ఉంది: దెబ్బ మామూలు విషయం, అది నలుగురికీ తెలియడం మాత్రం అవమానం. బాధ పడ్డవారే దాన్ని దాచుకోవలసిన స్థితిని కల్పించిన ఈ దృష్టి, ఏ ఒక్క చట్టం కంటే ఎక్కువ కాలం నిలిచింది.

రేవు రాకముందు విశాఖపట్నం ఒక పెద్ద జిల్లాకు చిన్న కేంద్రం. ఆ జిల్లాలోని అగ్రహారాలలో కుటుంబం లోపలి అన్యాయాన్ని మొదటిసారి లెక్కగట్టిన ఘనత విజయనగరం మహారాజు ఆనంద గజపతికి దక్కుతుంది. ఆడపిల్ల తండ్రి వరుడి నుంచి సొమ్ము తీసుకుని పెళ్లి చేసే ఆచారాన్ని కన్యాశుల్కం అంటారు. బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ల కాలంలో జరిగిన అటువంటి పెళ్లిళ్ల జాబితాను ఆయన తయారు చేయించగా 1,034 తేలాయని, వధువులలో 99 మందికి ఐదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఒక్క ఏడాది వయసని గురజాడ అప్పారావు తన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు పీఠికలో నమోదు చేశాడు. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన ఆ నాటకంలో, కూతురి పెళ్లి ఆపలేని తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. నాటకానికి హాస్యం వల్ల వచ్చిన పేరు ఈ ఘట్టాన్ని పాఠకుల మనసులో వెనక్కి నెట్టింది కానీ, ఇంటి యజమాని మాటకు ఎదురు చెప్పలేని స్త్రీకి ఆ కాలంలో మిగిలిన దారి ఏమిటో ఇంతకంటే సూటిగా చెప్పిన రచన అరుదు. మహారాజు జాబితాలో పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయి. ఆ పెళ్లిళ్ల తరువాత ఆ పిల్లలు పడ్డ బాధ ఏ లెక్కలోకీ రాలేదు.

అగ్రహారాల బయట పరిస్థితి వేరు. 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు, 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ కులాల గ్రంథం వంటివి చూస్తే, ఉత్తరాంధ్రలోని అనేక కులాలలో మారుమనువు ఉండేదని, అంటే భర్త పోయిన లేదా భర్తను విడిచిన స్త్రీ మళ్లీ మనువాడే ఆచారం ఉండేదని తెలుస్తుంది. కాపురం చెడితే కులపెద్దలు కూర్చునేవారు. తప్పు ఎవరిదని తేలితే వారు తప్పు కట్టాలి, అంటే జరిమానా చెల్లించాలి. విడిచిన స్త్రీని మరొకడు మనువాడితే మొదటి భర్తకు ఓలి సొమ్ము, అంటే పెళ్లినాడు అతడు వధువు తరఫువారికి ఇచ్చిన సొమ్ము, తిరిగి ముట్టజెప్పాలి. ఈ ఏర్పాటు వల్ల విడిపోవడం సాధ్యమైంది, అగ్రహారపు స్త్రీకి లేని వెసులుబాటు ఇది. అయితే ఈ పంచాయతీని స్త్రీకి రక్షణగా కీర్తించడం సరికాదు. సొమ్ము చేతులు మారేది మగవాళ్ల మధ్యనే, స్త్రీ తరఫున మాట్లాడేది తండ్రో అన్నదమ్ములో, వాళ్లు లేని స్త్రీకి ఆ కూటమిలో గొంతే లేదు. మేనరికం కూడా ఇలాంటిదే. మేనమామ ఇంటికి కోడలుగా వెళ్లిన పిల్లకు అమ్మమ్మ అండ ఉండవచ్చు, కానీ ఆమె కష్టం చెప్పుకుంటే తల్లికీ తల్లి పుట్టింటికీ మధ్య చిచ్చు రేగుతుంది గనుక నోరు కట్టుకోవలసి వచ్చేది. పుట్టిల్లు, అత్తిల్లు ఒకే వంశమైనప్పుడు వెళ్లడానికి రెండో ఇల్లు ఉండదు.

ఇంగ్లీషు ప్రభుత్వం ఇచ్చిన సాధనాలు రెండు, అవి ఒకదానికొకటి ఎదురు నడిచాయి. మొదటిది మనోవర్తి, అంటే భార్యాబిడ్డలను పోషించనివాడి నుంచి మేజిస్ట్రేటు నెలనెలా ఇప్పించే భత్యం. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షను దీనికి 50 రూపాయల గరిష్ఠ పరిమితి విధించింది. రెండవది దాంపత్య హక్కుల పునరుద్ధరణ, అంటే విడిగా ఉంటున్న భార్యను తిరిగి కాపురానికి రమ్మని సివిల్ కోర్టు ఆదేశించడం; ఇది ఇంగ్లండు చర్చి న్యాయస్థానాల నుంచి దిగుమతి అయిన ఆలోచన. బొంబాయిలో 1884 నుంచి 1888 దాకా నడిచిన రుక్మాబాయి వ్యాజ్యం ఈ దావా ఎంత క్రూరంగా పని చేయగలదో దేశమంతటికీ చూపింది. పదకొండేళ్ల వయసులో పెళ్లి చేసిన భర్త వద్దకు వెళ్లనన్న ఆమెకు కోర్టు కాపురమో జైలో తేల్చుకోమంది. అదే దశాబ్దానికి కాస్త ముందు, 1878లో, ఇంగ్లండులో ఫ్రాన్సెస్ పవర్ కాబ్ భార్యలను హింసించడంపై రాసిన వ్యాసం ప్రభావంతో, భర్త తీవ్రంగా కొట్టినట్లు రుజువైతే భార్య విడిగా ఉండేందుకు మేజిస్ట్రేటు అనుమతి ఇవ్వవచ్చని అక్కడ చట్టం వచ్చింది. ఆ వెసులుబాటు ఇక్కడి హిందూ స్త్రీకి దక్కడానికి 1946 దాకా ఆగవలసి వచ్చింది. క్రూరత్వం కారణంగా విడిగా నివసిస్తూ పోషణ కోరే హక్కును ఆ ఏడాది వచ్చిన చట్టం ఇచ్చింది.

488వ సెక్షనులో పైకి కనబడని చిక్కు ఒకటి ఉంది. మనోవర్తి కోసం భర్త నివసించే చోట, లేదా భార్యాభర్తలు చివరిసారి కలిసి ఉన్న చోట మాత్రమే అర్జీ పెట్టుకోవాలి. విశాఖపట్నం, భీమునిపట్నం వంటి రేవుల నుంచి వేల మంది కూలీలు రంగూన్ వెళ్లే రోజులవి. భార్య ఇక్కడ, భర్త సముద్రం అవతల. అర్జీ పెట్టినా సమనులు ఎక్కడికి పంపాలి, వసూలు ఎవరు చేయాలి? పట్టణంలో కాపురం పెట్టి, దెబ్బలకు తాళలేక శ్రీకాకుళం వైపు పుట్టింటికి చేరిన స్త్రీ కూడా అర్జీ కోసం మళ్లీ ఆ భర్త ఉన్న ఊరికే రావాలి. భార్య నివసించే చోట కూడా దరఖాస్తు చేయవచ్చనే మాట 1973లో కోడ్‌ను తిరగరాసినప్పుడు గానీ చట్టంలోకి ఎక్కలేదు. ఆ కొత్త కోడ్‌లోని 125వ సెక్షను సైతం నెలకు 500 రూపాయల పరిమితిని 2001 దాకా మోసింది.

రేవు తరువాత నౌకానిర్మాణ కేంద్రం, 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం, ఆపైన తూర్పు నౌకాదళ కేంద్రం రావడంతో విశాఖపట్నం వలస నగరంగా మారింది. పల్లెల నుంచి వచ్చిన కుటుంబం అద్దె గదిలోనో బస్తీలోనో కాపురం పెట్టేది. చుట్టూ వేరే ఊళ్లవాళ్లు, వేరే కులాలవాళ్లు. కులపెద్దలు ఊళ్లోనే ఉండిపోయారు, అన్నదమ్ములు పొలాల్లో ఉండిపోయారు. ఈ నగరపు క్రింది మెట్టు జీవితాన్ని అతి దగ్గరగా చూసిన రచయిత, విశాఖ కోర్టుల్లోనే వకీలుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి, తన ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధ కాలపు దొంగసారా వ్యాపారాన్ని, పోలీసు, కోర్టు యంత్రాంగాన్ని చిత్రించాడు. సారా దుకాణానికి చేరిన కూలి డబ్బు ఇంటికి దెబ్బలుగా తిరిగి వచ్చే సంగతి బస్తీల్లో అందరికీ తెలుసు. తాగుడే హింసకు మూలం అనే నమ్మకం మాత్రం సగమే నిజం. తాగినవాడు మేస్త్రీని కొట్టడు, యజమానిని కొట్టడు. ఎవరిని కొడితే అడిగేవారు లేరో వారినే కొడతాడు. మందు దెబ్బను పెంచుతుంది, ఆ దెబ్బకు అనుమతి వేరేచోట నుంచి వస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి పదేళ్లలో చట్టాలు వరుసగా వచ్చాయి. 1949లో మద్రాసు రాష్ట్రం బహుభార్యత్వాన్ని నిషేధించి విడాకులకు వీలు కల్పించింది. విశాఖపట్నం అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. 1955 హిందూ వివాహ చట్టం దేశమంతటికీ వర్తించింది గానీ, అందులో క్రూరత్వం న్యాయబద్ధమైన ఎడబాటుకు మాత్రమే కారణం, అంటే పెళ్లి బంధం అలాగే ఉండి విడిగా బతకడానికి మాత్రమే అనుమతి; అది విడాకులకు కారణం కావడానికి 1976 సవరణ కావలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసింది, కేంద్ర చట్టం 1961లో వచ్చి దాని స్థానాన్ని తీసుకుంది. ఒకప్పుడు కన్యాశుల్కం తీసుకున్న కుటుంబాలే కట్నం ఇచ్చే స్థితికి రావడానికి రెండు తరాలు చాలాయి. కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరాలైనా, పట్టణపు ఉద్యోగికి పెళ్లి సంతలో పలికే ధర ఏడాదికేడాది పెరిగింది. ఈ చట్టాలన్నీ పెళ్లి ముందు జరిగేదాన్ని, పెళ్లి ముగిశాక జరిగేదాన్ని తాకాయి. పెళ్లి నడుస్తుండగా ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేది ఇంకా ఎవరి పరిధిలోకీ రాలేదు.

ఉక్కు కర్మాగారం ఈ చరిత్రలో ఒక ప్రత్యేక అధ్యాయం. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగిన కర్మాగారం కోసం గాజువాక ప్రాంతంలో 60కి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. నిర్వాసితులకు పునరావాస కాలనీలు, పునరావాస కార్డు అనే గుర్తింపు పత్రం ఇచ్చారు. వాళ్ల వాడుకలో అది ఆర్ కార్డు. భూమి పట్టాలు మగవాళ్ల పేరిట ఉన్నందున నష్టపరిహారం ప్రధానంగా మగవాళ్ల చేతికే అందింది, ఉద్యోగాలూ ఎక్కువగా మగవాళ్లకే దక్కాయి. పొలంలో కూలి చేసి, పాలు, కూరగాయలు అమ్మి నాలుగు రూపాయలు తన చేతిలో పెట్టుకున్న స్త్రీ ఆ పొలంతోపాటే ఆ రూపాయలనూ పోగొట్టుకుంది. మరోవైపు ఉక్కునగరంలో ఉద్యోగుల కుటుంబాలకు క్వార్టర్లు వెలిశాయి. విశాలమైన వీధులు, బడి, ఆసుపత్రి, నీరు, కరెంటు అన్నీ ఉన్న ఆ టౌన్‌షిప్పు చాలా కుటుంబాలకు ఎన్నడూ ఎరగని సౌకర్యాన్ని ఇచ్చింది. క్వార్టరు మాత్రం ఉద్యోగి పేరిట కేటాయించిన కంపెనీ ఆస్తి. జీతం అతనిది, ఇల్లు అతని ఉద్యోగానిది, వైద్య సదుపాయం అతని మీద ఆధారపడినవారిగా వచ్చినది. అటువంటి చోట భార్య ఫిర్యాదు చేస్తే అతని ఉద్యోగం పోతుందేమో, పోతే పిల్లలతో సహా రోడ్డున పడతామేమో అన్న భయం బస్తీలోని భయం కంటే తక్కువది కాదు. కంపెనీ ఊళ్లలో కాపురం తగవులు యూనియన్ పెద్దల దాకా, పై అధికారి దాకా వెళ్లి, నచ్చజెప్పడంతో ముగియడం ఒక వాడుక అయింది. కులపెద్దల స్థానంలోకి కార్మిక పెద్దలు వచ్చారు, కూటమిలో స్త్రీ గొంతు మునుపటంతే ఉంది.

ఇంటి లోపలి హింసను బయటపెట్టింది చివరికి ఆసుపత్రి. 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉత్తరాంధ్ర జిల్లాలకూ, ఏజెన్సీకీ పెద్దాసుపత్రి. 1970, 80 దశకాల్లో పెద్దాసుపత్రుల కాలిన గాయాల వార్డుల్లో కొత్తగా పెళ్లయిన ఆడపిల్లల సంఖ్య పెరగడం దేశమంతటా గమనానికి వచ్చింది. స్టవ్ పేలింది అనేది అప్పుడు వినిపించిన మాట. వార్డులోని మంచం పక్కన అత్తింటివారు నిలబడి ఉండగా, మేజిస్ట్రేటు వచ్చి మరణ వాంగ్మూలం తీసుకునేటప్పుడు, పిల్లల్ని ఎవరు చూస్తారన్న బెంగతో ఆమె అదే మాట చెప్పి కన్నుమూస్తే కేసు అక్కడితో ఆగిపోయేది. 1983లో వచ్చిన సవరణలు ఈ స్థితిని మార్చే ప్రయత్నం చేశాయి. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా మరణించినా శవపరీక్ష తప్పనిసరి అయింది. భర్త, అతని బంధువులు పెట్టే క్రూర హింసను మూడేళ్ల దాకా జైలు విధించదగిన నేరంగా భారత శిక్షాస్మృతిలో 498ఎ సెక్షను చేర్చింది. ఆత్మహత్యకు పురికొల్పేంత ప్రవర్తన, శరీరానికే కాక మనసుకూ కలిగించే తీవ్ర హాని, ఆస్తి కోసం వేధింపు అందులో ఉన్నాయి. 1986లో వరకట్న మరణం ప్రత్యేక నేరమైంది. మనసుకు తగిలే గాయాన్ని శిక్షాస్మృతి భార్య విషయంలో గుర్తించడం 498ఎతోనే మొదలు. 2024 జూలై నుంచి ఈ సెక్షన్లు భారతీయ న్యాయ సంహితలో 85, 86, 80 సంఖ్యలతో కొనసాగుతున్నాయి.

ఆ చట్టాలు ఢిల్లీలోనే పుట్టలేదు. 1978లో హైదరాబాదులో పోలీసుల చేతిలో అత్యాచారానికి గురైన రమీజా బీ ఉదంతంపై చెలరేగిన ఆగ్రహం నుంచి దేశమంతటా స్త్రీల సంఘాలు నడిపిన పోరాటం వాటి వెనుక ఉంది. ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ రెండు విషయాల్లో దేశానికంటే ముందు నడిచింది. 1983లో ఒక సినీనటి వ్యాజ్యంలో రాష్ట్ర హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, ఇష్టం లేని స్త్రీని కాపురానికి పొమ్మనే దాంపత్య హక్కుల పునరుద్ధరణ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఆ తీర్పు నిలిచి ఉంటే రుక్మాబాయి అడిగిన ప్రశ్నకు వందేళ్ల తరువాత జవాబు దొరికి ఉండేది. రెండవది, ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. పుట్టింటికి తిరిగి వచ్చిన ఆడపిల్ల అన్నావదినల దయ మీద ఉన్నదా, తన వాటా ఉన్న ఇంట్లో ఉన్నదా అన్నది హింస నుంచి బయటపడటంలో ఎంత తేడా తెస్తుందో ఆలోచిస్తే, గృహహింస మాట ఎత్తకుండానే గృహహింసకు ఎదురు నిలిచిన చట్టం ఇది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం తెలుగునాట మరో మలుపు. వయోజన విద్యా తరగతుల్లో కూర్చున్న స్త్రీలు తమ పాఠాల్లోని కథ నుంచి తమ ఇళ్లలోని సంగతికి వచ్చారు. మొగుడు తాగి కొడుతున్నాడన్న మాటను ఊరి నడిబొడ్డున, గుంపుగా, సిగ్గుపడకుండా చెప్పారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో సంపూర్ణ నిషేధం సడలింది. నిషేధం నిలవలేదు, ఇంటిగుట్టు బయటపెట్టడం తప్పన్న భావన మాత్రం ఆ ఉద్యమంతో మొదటిసారి పగిలింది. పొదుపు సంఘాల స్త్రీలు ఆ తరువాతి కాలంలో సామాజిక కార్యాచరణ కమిటీలుగా, మండల స్థాయి కుటుంబ సలహా కేంద్రాలుగా ఏర్పడి కాపురపు తగవులు వినడం దాని కొనసాగింపే.

విశాఖలో ఆ దశాబ్దాల్లో మహిళా పోలీస్ స్టేషను, కుటుంబ న్యాయస్థానం, ఐద్వా, మహిళా చేతన వంటి సంఘాలు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట మహిళా అధ్యయన కేంద్రం ఏర్పడ్డాయి. కౌన్సెలింగ్ అనే మాట జనం నోట స్థిరపడింది ఈ కాలంలోనే. కౌన్సెలింగ్ అంటే శిక్షణ పొందినవారు బాధితురాలి మాట విని, ఆమె ముందున్న దారులేమిటో చెప్పి, ఏది ఎంచుకోవాలో ఆమెకే వదిలిపెట్టడం. ఆచరణలో చాలాచోట్ల అది ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి సర్దుకుపొమ్మని చెప్పడంగా మారింది. భర్త ఎదుట నిజం చెప్పిన స్త్రీ సాయంత్రం అదే భర్తతో ఇంటికి వెళ్లాలి. ఇక ముందు కొట్టనని రాసి ఇచ్చిన కాగితం ఆమె చేతికి ఏ రక్షణా ఇవ్వదు. పిల్లల మొహం చూసి కాపురం నిలబెట్టుకోమనే మాట పాత కులపంచాయతీ నుంచి కొత్త కార్యాలయం దాకా మారకుండా వచ్చిందని గుర్తించకపోతే, ఈ సంస్థలు పెరిగినా చాలామంది స్త్రీలు వాటి గడప ఎందుకు ఎక్కలేదో అర్థం కాదు. 1971లో లండన్ చిస్విక్‌లో తెరిచిన శరణాలయం, 1984లో అమెరికాలోని డులూత్ నగరంలో బాధిత స్త్రీల అనుభవాల నుంచి రూపొందిన అధికార, అదుపు చక్రం అనే రేఖాచిత్రం అప్పటికే వేరే సంగతి చెప్పాయి: దెబ్బ ఒక కోపపు క్షణం కాదు, డబ్బు, స్నేహాలు, రాకపోకలు, పిల్లలు అన్నింటినీ గుప్పిట్లో పెట్టుకునే పద్ధతిలో ఒక భాగం. స్త్రీ ఇల్లు విడిచేందుకు సిద్ధమైన సమయమే ఆమెకు అన్నిటికంటే ప్రమాదకరమని కూడా ఆ అనుభవాలు తెలిపాయి. అందుకే తొందరపెట్టడం, ఎందుకింత కాలం ఉన్నావని నిలదీయడం రెండూ ఆమెకు కీడే చేస్తాయి.

2005లో పార్లమెంటు ఆమోదించి 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చిన గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం ఈ అవగాహనను మన చట్టంలోకి తెచ్చింది. దాని నియమావళిలోని మొదటి ఫారం, అంటే గృహహింస సంఘటన నివేదిక, దగ్గరగా చూడదగినది. అందులో కొట్టడం, తన్నడం, నెట్టడం వంటివాటి తరువాత వరుసగా గళ్లు ఉంటాయి: శీలం మీద నింద, మగపిల్లవాణ్ని కననందుకు అవమానం, కట్నం తేనందుకు ఎత్తిపొడుపు, ఫలానా మనిషిని కలవకూడదనే కట్టడి, ఇల్లు దాటనివ్వకపోవడం, ఉద్యోగం చేయనివ్వకపోవడం లేదా మాన్పించడం, జీతం లాక్కోవడం, తిండికీ బట్టకీ మందులకీ డబ్బివ్వకపోవడం, ఇంట్లో ఏదో ఒక భాగంలోకి రానివ్వకపోవడం, అద్దె కట్టకపోవడం, స్త్రీధనాన్ని అమ్మడం లేదా తాకట్టు పెట్టడం. ఒంటిమీద మచ్చ లేదు గనుక తనది హింస కాదనుకున్న స్త్రీ ఆ గళ్ల ఎదుట కూర్చుంటే తన పదేళ్ల కాపురం ప్రభుత్వ కాగితం మీద అచ్చై కనబడుతుంది. ఏటీఎం కార్డు భర్త దగ్గరే ఉండటం, ఫోను రోజూ తనిఖీ చేయడం, పుట్టింటికి మాట్లాడాలంటే స్పీకరు పెట్టమనడం ఆ గళ్ల పేర్లకు నేటి రూపాలు.

ఈ చట్టం కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు, నివాస ఉత్తర్వు, ఆర్థిక సహాయం, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం ఇవ్వవచ్చు. దరఖాస్తు అందాక సాధారణంగా మూడు రోజుల్లో తొలి విచారణ పెట్టాలి, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. ఆలస్యం చేయకూడనప్పుడు ఎదుటి పక్షం లేకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు. ఉక్కునగరం వంటి చోటుకు నివాస హక్కు అన్నిటికంటే ముఖ్యమైనది: ఇల్లు ఎవరి పేరిట ఉన్నా, అద్దెదైనా, తాను కాపురం చేసిన ఇంట్లోంచి స్త్రీని చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప వెళ్లగొట్టకూడదు. 2006 డిసెంబరులో బాత్రా కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ హక్కును భర్త సొంత లేదా అద్దె ఇంటికీ, అతనికి వాటా ఉన్న ఉమ్మడి ఇంటికీ కుదించింది. అత్తమామల పేరిట ఇల్లు ఉన్న కుటుంబాల కోడళ్లు దానివల్ల పద్నాలుగేళ్లు నష్టపోయారు. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు సరికాదని చెప్పింది. అంతకుముందే 2019 ఏప్రిల్ నాటి రూపాలీ దేవి తీర్పు 498ఎ కేసును స్త్రీ తలదాచుకున్న చోట కూడా పెట్టవచ్చని తేల్చింది. గాజువాకలో దెబ్బలు తిని పలాసలోని తల్లి దగ్గరకు చేరిన స్త్రీ ఫిర్యాదు పలాసలోనే తీసుకోవాలి. 1898 కోడ్ ఆమెను భర్త ఊరికి రమ్మన్నది, 2019లో చట్టం ఆమె వెంట పుట్టింటికి వెళ్లింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ చట్టం కింద రక్షణాధికారి బాధ్యతను మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారి చూస్తారు. 2015లో కేంద్రం ప్రారంభించిన వన్‌స్టాప్ సెంటర్ పథకం కింద విశాఖ కేంద్రం కింగ్ జార్జ్ ఆసుపత్రి ఆవరణలో ఏర్పడింది. వైద్యం, పోలీసు ఫిర్యాదు, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్ది రోజుల బస ఒకే చోట దొరకాలన్నది దాని ఉద్దేశం. నలభై ఏళ్ల క్రితం స్టవ్ పేలిందన్న మాట మాత్రమే నమోదైన ఆసుపత్రి ఆవరణలోనే ఇది ఉండటం సబబు. 181 మహిళా హెల్ప్‌లైను, అత్యవసరానికి 112, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా ఉచితంగా వకీలును ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి.

అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 18 నుంచి 49 ఏళ్ల వివాహితల్లో 30 శాతం భర్త చేతిలో హింసకు గురైనవారే. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాల్లో కనీసం ఒకదానికైనా భర్త కొట్టడం సబబేనన్న స్త్రీలు ఈ రాష్ట్రంలో 84 శాతం దాకా ఉన్నారు. దేశంలోని అతి ఎక్కువ స్థాయుల్లో ఇది ఒకటి. దేశం మొత్తంలో హింస అనుభవించిన స్త్రీలలో సాయం కోరినవారు 14 శాతమే, నూటికి 77 మంది ఎవరికీ చెప్పనే లేదు. చెప్పినవారిలో ఎక్కువమంది చెప్పింది పుట్టింటివారికే. పోలీసులు, వకీళ్లు, వైద్యులు ఆ వరుసలో చాలా వెనుక ఉన్నారు.

ఈ అంకెల పక్కన 2005 చట్టంలో అంతగా ప్రచారం లేని నాలుగవ సెక్షనును పెట్టి చదవాలి. హింస జరిగిందని గానీ, జరుగుతోందని గానీ, జరగబోతోందని గానీ నమ్మడానికి కారణమున్న ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చని, సద్బుద్ధితో చెప్పినవారిపై సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదని అది చెబుతుంది. పక్క క్వార్టరులోని ఇల్లాలు, అంగన్‌వాడీ కార్యకర్త, మూడోసారి విరిగిన చేతికి కట్టు కడుతూ మెట్ల మీద జారిపడ్డానన్న జవాబును మూడోసారి వింటున్న నర్సు, అమ్మ గురించి ఎప్పుడూ మాట్లాడని పిల్లవాడి టీచరు, అందరూ ఆ ఎవరైనా అన్న మాటలో ఉన్నారు. అటువంటివారు ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడు పలకరించాలి, ఆమె చెప్పినదాన్ని నమ్మాలి, ఆమె అనుమతి లేకుండా భర్తను నిలదీయకూడదు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, వైద్యం కాగితాలు ఒకచోట దాచుకోమని చెప్పాలి, వన్‌స్టాప్ సెంటర్ దాకా తోడు వెళ్లాలి. ఆమె కోరిన ఆశ్రయ గృహం ఆమెను చేర్చుకోవాలని ఆరవ సెక్షను, ఆసుపత్రి ఆమెకు వైద్యం అందించాలని ఏడవ సెక్షను ఆదేశిస్తున్నాయి. సంఘటన నివేదిక ముందుగా రాయలేదన్న కారణంతో ఆ రెండింటిలో ఏదీ ఆమెను తిప్పి పంపకూడదు.